నాపరాయి రంగు

ఎర్రగుంట్ల నాలుగు రోడ్ల కాడ
మా ఫ్లెక్సీల అంగడి.
మిషన్ పదడుగుల వెడల్పు,
నా కుర్చీ ఒకటిన్నర.
పొద్దున్నుంచి మొహాలు దిద్దుతా కూర్చుంటా.

మూడేండ్లలో నాకు అర్థమైందొకటి.
మొగోడి ఫోటోకు మీసం నలుపు చేస్తే చాలు.
ఆడదాని ఫోటోలోంచి
ముందు ఆమెను తీసెయ్యల్ల.

ఈ పొద్దు గుర్రప్ప వచ్చినాడు.
వాళ్ళమ్మ ఓబుళమ్మ పోయి మూడో దినం.
చేతిలో ఆధార్ కార్డు,
ఉండేది అదొక్క ఫోటోనే.
"మేయ్ మాబున్నీ, రోంత తెల్లగ చెయ్.
పట్టుచీర కట్టు. బొట్టు పెద్దదిగ పెట్టు.
రాత్రి సీరియల్లో వస్తాదే,
ఎవరేమన్నా ఓర్చుకునే అత్త,
అట్ల కనపడల్ల మాయమ్మ."

ఓబుళమ్మ నాకు తెలీని మనిషా?
పాలిష్ ఫ్యాక్టరీలో ముప్పై ఏండ్లు
నీళ్ళలో నిలబడి బండలు తిప్పింది.
మేస్త్రీ కూలి ఎగ్గొడితే
అతని మోటర్‌సైకిల్ ఎక్కి కూర్చుని
పొద్దు గూకేదాకా దిగలేదు.
మేస్త్రీ నడిచే ఇంటికి పోయినాడు.
ఓర్చుకునేది ఆమెకు రాని పని.
ఆధార్ ఫోటోలో కూడా నోరు తెరిచే ఉంది
ఫోటో తీసేవాణ్ణి ఏదో తిడతా ఉన్నట్టు.

నోరు మూసినా.
రాలిపోయిన ముందు పన్ను
ఎట్లా కనపడదు, పని తగ్గింది.
ముక్కు పక్కన నశ్యం మరక తుడిచినా.
నుదుటి గీతలు ఒక్కొక్కటే
బండకు పాలిష్ పట్టినట్టు పట్టినా.

నా కంప్యూటర్లో
తలల్లేని పట్టుచీరలు నలభై రెండు,
ఎవరి తలైనా అతుక్కునేటట్టు.
అన్నింట్లో ఉండేది ఒకే పిల్ల.
ఏ ఊరి పిల్లో, ఎవరికమ్మిందో ఆ ఫోటోలు.
ఈ చుట్టుపక్కల చచ్చిపోయిన ప్రతి ముసలామెకూ
ఆ పిల్ల భుజాలే.

చిన్నప్పుడు జేజితో ఊరికి పోతాంటే
దావలో ఒక రాయి ఉండేది.
రాయి మీద పైకెత్తిన చెయ్యి,
చేతినిండా గాజులు, వేళ్ళ నడుమ నిమ్మకాయ.
మొహం లేదు.
పోయేటోళ్ళు పసుపు పూసి పోయేవాళ్ళు.
జేజి కూడా చెప్పులిడిచి మొక్కేది.
"ఎవురు జేజీ?"
"మంచి ఆడది."
"ఏం చేసింది?"
"మొగుడు పోతే మంటలో దూకింది."
"పేరేంది?"
జేజి చెప్పులు తొడుక్కుంది.

ఆ రాయి చెక్కినోడూ నా మాదిరి కూలోడే.
గాజులు ఎన్ని పెట్టమంటారని అడిగింటాడు.
మొహం సంగతి
అతనూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

పోయిన నెల నన్ను చూసేకి నంద్యాల నుంచి వచ్చినారు.
పిల్లోని అమ్మ ఫోన్లో ఫోటో చూసింది,
నన్ను చూసింది,
మళ్ళా ఫోన్ చూసింది.
టీ బాగుందనింది.
ఆ ఫోటో దిద్దింది నేనే.
నా దవడ మీది మచ్చ,
మా నాయిన ముద్దు పెట్టే చోటు,
రెండు నొక్కుల్లో పోయింది.

మిషన్ కదిలింది.
ఓబుళమ్మ పాదాల దిక్కు నుంచి రాదు,
మొహం నుంచే దిగుతాది, అడుగు అడుగు.
తెల్లగా, నున్నగా,
ఎవరి జోలికీ పోని మొహం.
గుర్రప్ప నిలబడి చూసినాడు.
చానాసేపు చూసినాడు.
"మాయమ్మ మాదిరి..." అని
తువ్వాలతో కండ్లు తుడుచుకుని
మాట పూర్తి చెయ్యలేదు.

మా ఎండ సంగతి నాకు తెలుసు.
ఫ్లెక్సీ మీద ముందు పసుపు పోతాది,
దాని వెనకాలే ఎరుపు.
నేను పూసిన మెరుపు, కుంకుమ, చీర అంచు
అన్నీ ఆ రెండిట్లోనే ఉంటాయి.
రెండెండాకాలాలు నిలబడితే
మిగిలేది నీలం, నలుపు.
పాలిష్ పట్టని నాపరాయి రంగు.
ఓబుళమ్మ మోచేతులు అదే రంగు.

గుర్రప్ప రెండొందలు బాకీ పెట్టినాడు.
చుట్ట చుట్టి భుజాన వేసుకుని
మెట్టు దిగి వెనక్కి తిరిగినాడు.
"రంగు నిలబడ్తాదా మేయ్?"
"నిలబడ్తాదిలే అన్నా" అన్నా.
ఏ రంగో చెప్పలేదు.